తండాలో ఒక గర్భిణి, రెండు బ్యాచ్‌ల విద్యార్థినులు: రక్తహీనతపై కేస్ స్టడీ

ఈ కేసు రంగారెడ్డి జిల్లాలో, హైదరాబాద్ నుంచి నాగార్జునసాగర్ వెళ్లే రోడ్డుకు లోపలగా ఉన్న ఒక లంబాడా తండాకు చెందినది. నేను హైదరాబాద్‌లోని ఒక కళాశాలలో కమ్యూనిటీ హెల్త్ నర్సింగ్ బోధిస్తాను; బీఎస్సీ నర్సింగ్ ఏడో సెమిస్టర్ విద్యార్థినుల గ్రామీణ పోస్టింగ్‌ను పర్యవేక్షిస్తున్న సమయంలో ఇది మా చేతికి వచ్చింది. గర్భిణి, ఆమె కుటుంబం అనుమతితోనే రాస్తున్నాను. మనిషిని, ఊరిని గుర్తుపట్టే వివరాలు తీసివేశాను. వైద్యపరంగా చూస్తే ఇందులో అరుదైనదేమీ లేదు. 2019–21లో జరిగిన ఐదో విడత జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో గర్భిణుల్లో 53.2 శాతం మంది రక్తహీనతతో ఉన్నారు కనుక, సగానికి పైగా గర్భిణుల్లో కనిపించే జబ్బే ఇది. ఇంత మామూలు జబ్బు, ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మందు చేతిలో ఉండగానే, ఎందుకు తగ్గలేదన్నది, చివరికి తగ్గడంలో నర్సింగ్ విద్యార్థినుల పాత్ర ఎంత, వారికంటే ముందే ఆ కోర్సు పూర్తి చేసి అక్కడ ఉద్యోగంలో ఉన్న నర్సు పాత్ర ఎంత అన్నది విడదీసి చూడడానికే ఈ కేసును ఎంచుకున్నాను.

ప్రాంతం, ఆరోగ్య వ్యవస్థ

2018 పంచాయతీరాజ్ చట్టం తర్వాత విడిగా గ్రామ పంచాయతీ అయిన తండాల్లో ఇదొకటి. సర్పంచ్ వచ్చాడు, పంచాయతీ కార్యదర్శి వచ్చాడు. ఆరోగ్య ఉపకేంద్రం మాత్రం పాత పెద్ద ఊరిలోనే ఉండిపోయింది. మైదాన ప్రాంతంలో ఐదు వేల జనాభాకు, గిరిజన, కొండ ప్రాంతాల్లో మూడు వేల జనాభాకు ఒక ఉపకేంద్రం ఉండాలన్నది నిబంధన. తండాలో ఉన్నవాళ్లంతా గిరిజనులే అయినా ఆ నేల షెడ్యూల్డ్ ప్రాంతం కాదు కాబట్టి లెక్క ఐదు వేలకే కడతారు. నాలుగు దిక్కులా చెదిరి ఉన్న తండాలన్నింటికీ ఉపకేంద్రంలోని ఆరోగ్య కార్యకర్త అయిన ఏఎన్‌ఎం ఒక్కతే తిరగవలసి రావడానికి ఇదీ ఒక కారణం.

ఆ ఉపకేంద్రమే ఇప్పుడు పల్లె దవాఖాన. 2018లో కేంద్రం ఆయుష్మాన్ భారత్ కింద ఉపకేంద్రాలను వెల్‌నెస్ కేంద్రాలుగా మార్చడం మొదలుపెట్టినప్పుడు, వాటిలో కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ అనే కొత్త ఉద్యోగం పుట్టింది. దానికి ప్రధానంగా నర్సింగ్ పట్టభద్రులనే తీసుకున్నారు. మన దగ్గర ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్) అన్న పేరే ఎక్కువ వాడుకలో ఉంది. ఈ పల్లె దవాఖానలో పనిచేస్తున్న ఎంఎల్‌హెచ్‌పీ కొన్నేళ్ల కిందట మా కళాశాలలోనే బీఎస్సీ నర్సింగ్ చదివిన అమ్మాయి. ఊరివాళ్లు ఆమెను డాక్టరమ్మ అనే పిలుస్తారు. ఆమె ఎన్నిసార్లు సరిదిద్దినా ఆ పిలుపు మారలేదు.

కేసు వివరాలు

గర్భిణి వయసు 22 సంవత్సరాలు. ఇది రెండో గర్భం. మొదటి బిడ్డకు ఇంకా రెండేళ్లు నిండలేదు. భర్త హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికి వెళ్లి వారానికోసారి ఇంటికి వస్తాడు. ఇంట్లో అత్త, చిన్న పిల్ల, ఈమె. కౌలుకు తీసుకున్న కొద్దిపాటి చెలకలో పత్తి వేశారు. అది కాక ఇతరుల చేలల్లో కూలి.

మా విద్యార్థినులు ఈ కుటుంబాన్ని దత్తత తీసుకునే (పోస్టింగ్‌లో దాని ఆరోగ్య సంరక్షణను తమ బాధ్యతగా తీసుకునే) నాటికి 20వ వారం నడుస్తోంది. మాతా శిశు సంరక్షణ కార్డులో హీమోగ్లోబిన్ 8.2 గ్రాములని ఉంది. ఆ గర్భదశలో 7 నుంచి 9.9 వరకు ఉంటే ఓ మోస్తరు రక్తహీనత కింద లెక్క. రక్తహీనత నివారణకు 2018 నుంచి దేశమంతా అమలవుతున్న పద్ధతి ప్రకారం 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉన్న ఎర్ర మాత్రలు రోజుకు రెండు ఇవ్వాలి; నెల తిరిగేసరికి కనీసం ఒక గ్రాము పెరగాలి; పెరగకపోతే పై ఆసుపత్రికి పంపాలి. మాత్రలు ఇచ్చినట్లు కార్డులో ఉంది, ఆశా రిజిస్టరులో ఉంది, ఏఎన్‌ఎం ట్యాబ్‌లోనూ ఉంది.

నెల తర్వాత ఒక విద్యార్థిని, రక్తం రంగును గాజు రంగుతో పోల్చి హీమోగ్లోబిన్ చెప్పే శాలి హీమోమీటరుతో పరీక్ష చేసి 9.4 అని రాసుకుని సంతోషంగా వచ్చింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి ప్రభుత్వ ల్యాబ్ టీ-డయాగ్నొస్టిక్స్‌కు పంపిన నమూనాలో అదే రక్తం 8.1 వచ్చింది. తేడా ఎక్కడ వచ్చిందో మరునాడు ఆమె చేతనే మళ్లీ చేయించి చూశాను. రేకుల వరండాలో వెలుతురు చాలక, గొట్టంలో రంగు పక్కనున్న గాజు రంగుతో కలిసిందో లేదో తేలక, చుక్క మీద చుక్క నీరు వదులుతూ గీత దాటించేసింది. శాలి పద్ధతిని పాతదని తీసిపారేసేవాళ్లున్నారు, నేను ఆ పక్షం కాదు. కానీ ఆమ్లంలో రక్తం కలిపాక పది నిమిషాలు ఆగి, పగటి వెలుగుకు ఎదురుగా పట్టుకుని చూసే ఓపిక లేనప్పుడు దాని అంకె మీద ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. ఆ 9.4నే నమ్మి ఉంటే ఈ కేసు అక్కడే ముగిసేది.

మాత్రలు ఎక్కడ ఆగాయి

నెల పాటు రెండేసి మాత్రలు వేసుకున్న మనిషికి హీమోగ్లోబిన్ అంగుళం కదలకపోవడానికి కారణాలు కొన్నే ఉంటాయి. మాత్ర కడుపులోకి పోకపోవచ్చు, పోయినా ఒంటికి పట్టకపోవచ్చు, కొంకిపురుగుల వల్లనో మరొక విధంగానో రక్తం పోతూ ఉండవచ్చు, లేదా వంశపారంపర్యంగా వచ్చే తలసేమియా లక్షణం వంటిది ఉండి మొదటి నుంచీ లోపం ఇనుముది కాకపోవచ్చు. విద్యార్థినులు తమ రికార్డులో ఈ నాలుగింటినీ చక్కగా రాశారు. తేల్చుకోవాలంటే మాత్రం ఆమెతో మాట్లాడాలి; ఆమె ఇంట్లో దొరకదు.

కళాశాల బస్సు నగరం నుంచి బయలుదేరి తండా చేరేసరికి తొమ్మిదిన్నర దాటుతుంది. ఆ వేళకు కలుపు తీసే కాలంలో గానీ పత్తి ఏరే కాలంలో గానీ తండాలో పనిచేయగల ఆడమనిషి ఉండదు. ముసలివాళ్లు, పసిపిల్లలు, కోళ్లు ఉంటాయి. అందుకని మొదటి కొన్ని సందర్శనల సమాచారమంతా అత్త చెప్పిందే. “వేసుకుంటది బిడ్డా, రోజు వేసుకుంటది” అని ఆమె చెప్పడం, వీళ్లు రాసుకోవడం. రికార్డు నిండింది. గ్రామీణ పోస్టింగ్ రికార్డుల్లో ఇలా నిండినవి ఎన్నో నాకు తెలుసు, దిద్దేవారికీ తెలుసు.

వేళ మార్చడం చెప్పినంత తేలిక కాదు. తెల్లవారి ఆరున్నరకు తండాలో ఉండాలంటే మండల కేంద్రంలో బస ఉండాలి; ఆడపిల్లలు చీకటితో ఆటో ఎక్కడానికి హాస్టల్ వార్డెన్, తల్లిదండ్రులు, కళాశాల యాజమాన్యం ముగ్గురూ ఒప్పుకోవాలి. ఒప్పుకోలు పత్రాలు తెచ్చుకుని, ఆశా కార్యకర్తను తోడు పెట్టుకుని, పోస్టింగ్ రెండో సగంలో దీన్ని సాధించాం. భాష ఇంకో అడ్డంకి. ఇంట్లో వాళ్లు మాట్లాడుకునేది గోర్ బోలి. తెలుగు వచ్చినా ఒంటి బాధ చెప్పుకోవడానికి ఆమెకు ఆ తెలుగు చాలదు. దేవరకొండ వైపు తండా నుంచి వచ్చిన విద్యార్థిని ఒకరు మరో ఊరి జట్టులో ఉంటే ఇటు మార్చాం. అలాంటి అమ్మాయిని ప్రతి ఇంటికీ దుబాసీగా తిప్పి ఆమె చదువు చెడగొట్టే అలవాటు కొన్ని చోట్ల ఉంది కాబట్టి, ఈ ఒక్క కుటుంబాన్నే ఆమెకు అప్పగించి, మిగతా పని అందరితో సమానంగా చేయించాం.

ఆ ఉదయం గర్భిణి పొయ్యి దగ్గర రొట్టెలు చేస్తోంది. విద్యార్థిని మాత్రల సంగతి నేరుగా ఎత్తకుండా పిల్లను ఎత్తుకుని కాసేపు కూర్చుని, “అక్కా, గోలీలు ఎక్కడ పెట్టుకుంటవ్?” అని అడిగింది. దూలానికి వేలాడుతున్న సంచిలోంచి పాత బిస్కెట్ల రేకు డబ్బా దించి చూపించింది. కాల్షియం పట్టీలు సగం ఖాళీ అయ్యాయి. ఎర్ర మాత్రల పట్టీల్లో మొదటిదాంట్లో మాత్రమే కొన్ని గుంటలు ఖాళీగా ఉన్నాయి. మిగతావి ముట్టినట్లే లేవు. ఎందుకన్నది ఆమె తన భాషలో, పిండి చేతులతోనే, ఆగకుండా చెప్పింది. మొదట్లో రెండు రకాల మాత్రలూ కలిపి పొద్దున్నే చాయ్‌తో మింగి చేనుకు నడిచేది. దారిలో వికారం, చేనులో వాంతి. తర్వాత విరేచనం నల్లగా అయ్యేసరికి లోపల రక్తమే చెడిపోతోందని భయపడింది. కాల్షియంతో ఏ బాధా లేదు కాబట్టి అది ఉంచుకుంది, ఇది మానేసింది. దవాఖానలో అడిగితే వేసుకుంటున్నానని చెప్పింది, తిడతారని.

అత్త భయం వేరు. “అవి మింగితే బిడ్డ లావైతది, కడుపు కోస్తరు” అని ఆమె నమ్మకం. దీన్ని మూఢనమ్మకాల జాబితాలో వేసి విద్యార్థినులు ముందుకు వెళ్లబోతే నేను ఆపవలసి వచ్చింది. పైన చెప్పిన సర్వేలోనే తెలంగాణలో ప్రసవాల్లో 60.7 శాతం సిజేరియన్లని ఉంది. ఆ తండాలో కోత కాన్పు అయి నెలల తరబడి బరువు ఎత్తలేక కూలి పోగొట్టుకున్న కోడళ్లను ఆ అత్త కళ్లారా చూసింది. ఆమె ఆపరేషన్‌కు భయపడడంలో తప్పు లేదు. దానికి కారణం ఎర్ర మాత్ర అనుకోవడమే తప్పు. ముందు ఆ భయాన్ని ఒప్పుకుని, తర్వాత రక్తం తక్కువైతే కాన్పులో ఏం జరుగుతుందో, కొద్దిపాటి రక్తస్రావానికే నగరానికి, పేట్ల బురుజు ప్రసూతి ఆసుపత్రికో కోఠీ ప్రసూతి ఆసుపత్రికో ఎలా పరుగెత్తవలసి వస్తుందో చెప్పినప్పుడు ఆమె విన్నది. ఆ తండా నుంచే అలా 108లో వెళ్లిన ఒకామె పేరు ఆమే గుర్తుచేసింది.

సంరక్షణ ప్రణాళిక

విద్యార్థినులు వేసిన మొదటి ప్రణాళిక పుస్తకం ప్రకారం సరైనదే. ఇనుము, కాల్షియం మధ్య రెండు గంటల ఎడం ఉండాలి, చాయ్‌కి ఇనుముకి మధ్య గంటైనా ఎడం ఉండాలి, రెండు ఇనుము, రెండు కాల్షియం మాత్రలు రోజుకు నాలుగు వేళల్లో. పరీక్షలో దీనికి పూర్తి మార్కులు పడతాయి. పల్లె దవాఖానలోని మా పాత విద్యార్థిని దాన్ని చూసి, “ఆమెకు గడియారం లేదు మేడం, చేన్ల నాలుగు గోలీలు ఎవరు గుర్తుపెట్టుకుంటరు?” అని అడిగింది. ఆమె సూచన ఇది: ముందు రాత్రి పడుకునే ముందు ఒకే ఎర్ర మాత్ర, మంచినీళ్లతో, అప్పటికి తిని గంట దాటుతుంది, వికారం వచ్చినా నిద్రలో పోతుంది. వారం పది రోజులు అలవాటయ్యాక రెండో మాత్ర. కాల్షియం పొద్దున రొట్టెతో, సాయంత్రం చేను నుంచి వచ్చాక తినే వేళకు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారికి ఫోన్‌లో చెప్పి ఆయన ఒప్పుకున్నాకే ఇలా మొదలుపెట్టాం. గర్భం రెండో మూడు నెలల్లో ఇవ్వవలసిన పురుగుల మందు, 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్, కార్డులో కనిపించలేదు. అది ఏఎన్‌ఎం ఎదుటే ఇప్పించాం. తలసేమియా పరీక్ష విషయంలో వైద్యాధికారి మాట సబబుగా తోచింది: మాత్ర అసలు మింగని మనిషికి మాత్ర పనిచేయలేదని ఎలా అంటాం, ముందు మింగించి చూద్దాం, అప్పటికీ కదలకపోతే పంపుదాం.

తిండి గురించి ఎక్కువ చెప్పను. విద్యార్థినులు నగరం నుంచి తెచ్చిన చార్టులో యాపిల్, దానిమ్మ, ఖర్జూరం బొమ్మలున్నాయి. దాన్ని చుట్టి పక్కన పెట్టించి, ఇంట్లో ఉన్న జొన్న రొట్టె, చేను గట్టు మీది గోంగూర, పప్పు, ఆదివారం తెచ్చే మాంసంలో ఆమె వంతు, ఆ రోజుల్లో చవకగా దొరికే జామకాయ, నిమ్మకాయ గురించి మాట్లాడించాం. తేలనిది అంగన్‌వాడీ భోజనం. ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణికి రోజూ ఒక పూట అన్నం, పప్పు, గుడ్డు, పాలు కేంద్రంలోనే కూర్చుని తినేలా పెడతారు. మధ్యాహ్నం చేను వదిలి వచ్చి తినాలంటే ఆ రోజు కూలి పోతుంది. అంగన్‌వాడీ టీచర్ తన చేతిలో ఉన్నంత వరకు సర్దింది, కానీ పని ఉన్న రోజుల్లో ఆమెకు ఆ భోజనం అందలేదు, చివరి వరకూ అందలేదు.

అప్పగింత

పోస్టింగ్ ముగిసే నాటికి రాత్రి మాత్ర నడుస్తోంది, రెండోది ఇంకా మొదలు కాలేదు. మామూలుగా అయితే ఇక్కడ రికార్డు బైండు చేసి కళాశాలలో ఇస్తారు, మార్కులు వేస్తాం, అలమారలోకి పోతుంది. తర్వాతి బ్యాచ్ మరో ఇల్లు చూసుకుని మళ్లీ మొదటి పేజీ నుంచి మొదలుపెడుతుంది. ఊరివాళ్లకు ఇది బాగా తెలుసు. ప్రతి ఏడూ వచ్చి ఇంట్లో ఎందరు, మరుగుదొడ్డి ఉందా అని అడిగి పోయే తెల్లకోటు పిల్లలుగానే వాళ్లు మమ్మల్ని చూస్తారు. ఈసారి విద్యార్థినుల చేత రికార్డు కాకుండా ఒకే పేజీ రాయించాం: ఏది కుదిరింది, ఏది కుదరలేదు, అత్తకు ఉన్న భయమేమిటి, ఇంటికి ఏ వేళ వెళ్లాలి, వెళ్లగానే ముందు ఏం చూడాలి. చివరిదానికి వాళ్లు రాసిన జవాబు “డబ్బా దింపించి పట్టీలు చూడాలి” అని. ఆ పేజీ ఒక ప్రతి ఎంఎల్‌హెచ్‌పీకి, ఒకటి ఆశాకు, ఒకటి మా దగ్గరికి. తర్వాతి బ్యాచ్‌కు అదే ఇల్లు ఇచ్చాం.

రెండో బ్యాచ్ వెళ్లేసరికి ఆమె తండాలో లేదు. దీపావళికి పుట్టింటికి, నల్లగొండ జిల్లాకు వెళ్లి, తల్లికి ఒంట్లో బాగాలేక అక్కడే ఉండిపోయింది. రేకు డబ్బా ఇక్కడే ఉంది. గర్భిణి ఉపకేంద్రం దాటితే వ్యవస్థ కంటికి ఆనడం కష్టమన్నది క్షేత్రంలో పనిచేసే ప్రతి నర్సుకూ అనుభవమే: ఈ ఏఎన్‌ఎం పుట్టింటికి పోయిందని రాస్తుంది, అక్కడి ఏఎన్‌ఎంకు ఆమె వచ్చిందని తెలియదు. మా విద్యార్థినులు అత్త దగ్గర ఊరి పేరు కనుక్కుంటే, ఎంఎల్‌హెచ్‌పీ అక్కడి ఉపకేంద్రం నంబరు సంపాదించి, కార్డు మీది నంబరు చెప్పి, అక్కడి ఆశా చేత మాత్రలు ఇప్పించింది. ఈ లోపల రెండు వారాలకు పైగా మాత్ర లేదు. ఈ పని విద్యార్థినుల వల్ల అయ్యేది కాదు. ఫోన్ చేస్తే అవతలివాళ్లు ఎత్తి మాట్లాడడానికి ఒక హోదా కావాలి, ఆ జిల్లాలో తనతో శిక్షణ పొందినవాళ్లు తెలిసుండాలి. పట్టభద్రురాలైన నర్సు పల్లెలో ఉద్యోగంలో ఉండడం వల్ల ఒరిగేది ఇలాంటి చోట తెలుస్తుంది.

31వ వారంలో తిరిగి వచ్చాక పరీక్షిస్తే 8.8 ఉంది. మందు ఒంటికి పడుతోందని తేలింది, తలసేమియా అనుమానం వెనక్కి పోయింది. కానీ ఉన్న సమయంలో మాత్రలతో, రక్తహీనత లేదనడానికి కావలసిన 11 చేరడం కష్టం, పైగా పత్తి ఏరుడు జోరుగా ఉంది. వైద్యాధికారి ఆమెను ఏరియా ఆసుపత్రికి పంపి నరం ద్వారా ఇనుము ఎక్కించాలని నిర్ణయించారు. అత్త ఈసారి అడ్డు చెప్పలేదు. అడ్డు చెప్పింది గర్భిణే: పిల్లను ఎవరు చూస్తారు, రోజు కూలి ఎవరిస్తారు? కూలి పోయింది, దానికి మా దగ్గర జవాబు లేదు. పిల్ల సంగతి అంగన్‌వాడీ ఆయమ్మ చూసుకుంది. 102 బండిలో ఆశా, ఒక విద్యార్థిని తోడు వెళ్లారు. ఎక్కిస్తున్నంత సేపూ, ఆ తర్వాత అరగంటా నాడి, రక్తపోటు చూస్తూ కూర్చోవడం విద్యార్థినికి అక్కడి స్టాఫ్ నర్సు అప్పగించిన పని. దద్దురు గానీ ఆయాసం గానీ రాలేదు.

నాలుగు వారాల తర్వాత హీమోగ్లోబిన్ 10.4. నెలలు నిండాక ప్రభుత్వ ఆసుపత్రిలో మామూలు కాన్పు అయింది. బిడ్డ బరువు 2.7 కిలోలు, తల్లికి అధిక రక్తస్రావం కాలేదు.

చర్చ

ఈ ఫలితాన్ని విద్యార్థినుల ఖాతాలో వేయడం న్యాయం కాదు. 8.8 నుంచి 10.4కు తెచ్చింది ప్రధానంగా నరం ద్వారా ఎక్కించిన ఇనుమే. ఆ నిర్ణయం వైద్యాధికారిది. విద్యార్థినులు చేసింది అంతకు ముందు పని. అన్ని రిజిస్టర్లలోనూ మాత్రలు అందినట్లున్న మనిషి వాటిని మింగడం లేదని కనుక్కున్నారు, అలా కనుక్కోవడానికి అవసరమైన తీరిక వాళ్లకే ఉంది. ఆశాకు వెయ్యి మంది జనాభా, ఏఎన్‌ఎంకు టీకాలు, ట్యాబ్, సమావేశాలు. పొయ్యి ముందు ముప్పావుగంట కూర్చోగలిగేది విద్యార్థిని మాత్రమే. ఆ తీరికను సర్వే ఫారాలు నింపడానికి, ఒక పూట ఆరోగ్య శిబిరం పెట్టి బ్యానర్ ముందు ఫొటో దిగడానికి ఖర్చుచేయడం నాకు వృథాగా కనిపిస్తుంది. శిబిరంలో రక్తహీనత బయటపడుతుంది, నిజమే. ఈమెకు అది శిబిరం లేకుండానే బయటపడింది, కార్డులో నెల రోజులుగా ఉంది.

రెండో బ్యాచ్ లేకపోతే మొదటి బ్యాచ్ శ్రమ దీపావళితో ఆగిపోయేది. ఎంఎల్‌హెచ్‌పీ లేకపోతే రెండో బ్యాచ్ ఖాళీ ఇల్లు చూసి, పక్కింటి పేరు రాసుకుని వచ్చేది. అందుకని మా విభాగంలో కుటుంబ సంరక్షణ రికార్డుకు మార్కులు వేసే తీరు కొంత మార్చుకున్నాం. విద్యార్థినికి ఇచ్చే కుటుంబాల సంఖ్య తగ్గించి, అప్పగింత పేజీకి విడిగా మార్కులు పెట్టాం; ఆ పేజీని దిద్దేది మేము కాదు, దాన్ని అందుకునే ఎంఎల్‌హెచ్‌పీ. ఇది సహోద్యోగులందరికీ నచ్చలేదు. బయటి పరీక్షకులు అందమైన బైండింగు, రంగు పటాలు ఉన్న రికార్డునే చూస్తారని, పిల్లలు నష్టపోతారని వాళ్ల వాదన. అందులో నిజం లేకపోలేదు, అందుకే రికార్డును పూర్తిగా తీసివేయలేదు.

ప్రస్తుత స్థితి

కాన్పు తర్వాత కూడా 180 రోజులు రోజుకొక ఎర్ర మాత్ర వేసుకోవాలి. కాన్పు అయిపోయాక గర్భిణుల జాబితాలోంచి పేరు పోతుంది కాబట్టి చాలామంది ఇక్కడే ఆపేస్తారు. ఇద్దరు పసిపిల్లల మధ్య ఎడం తక్కువగా ఉన్న ఈమెకు మాత్రలతో పాటు కుటుంబ నియంత్రణ గురించి కూడా మాట్లాడవలసి ఉంది. అత్త ముందు కాకుండా, భర్త ఇంట్లో ఉండే ఆదివారం మాట్లాడాలని ఎంఎల్‌హెచ్‌పీ అనుకుంటోంది. ప్రస్తుత బ్యాచ్‌కు ఆ ఇల్లు మళ్లీ ఇచ్చాం. ఎంఎల్‌హెచ్‌పీ ఉద్యోగం కాంట్రాక్టుది. ఆమె స్టాఫ్ నర్సు పరీక్షకు చదువుకుంటోంది, ఎంపికైతే వెళ్లిపోతుంది, వెళ్లాలి కూడా. అప్పుడు ఆ పేజీలు ఎవరికి ఇవ్వాలన్న దానిపై వైద్యాధికారితో మాట్లాడి, ఉపకేంద్రంలో గర్భిణుల రిజిస్టరుతో పాటే అవి ఉండేలా ఏర్పాటు చేశాం.